గేమ్‌లో సైనికుడు చరిత్రలో ఉన్నాడా? వ్యూహ గేమ్‌ల యూనిట్లను పరీక్షించే పద్ధతి

2004లో వచ్చిన ‘రోమ్: టోటల్ వార్’ గేమ్ క్రీ.పూ. 270లో మొదలవుతుంది. అందులో ఈజిప్టుతో తలపడితే ఎదురుగా రథాలు దూసుకొస్తాయి, వాటి వెనక ఫారో అంగరక్షకులు, ఫారో విలుకాళ్లు. చూడ్డానికి కన్నులపండుగే. కానీ ఆ ఏడాదికి ఈజిప్టును ఏలుతున్నది టాలెమీలు, అంటే అలెగ్జాండర్ సేనాని ఒకడు స్థాపించిన గ్రీకు వంశం. వాళ్ల సైన్యానికి వెన్నెముక పొడవాటి ఈటెలు పట్టుకుని వరుసకట్టి నిలబడే మాసిడోనియా తరహా ఫాలాంక్స్. గేమ్ చూపించే రథాల ఈజిప్టు క్రీ.పూ. 1274లో కాదేష్ యుద్ధం చేసిన ఈజిప్టు. అంటే వెయ్యేళ్లు తేడా!

ఇలాంటిది ఒకటి కనిపెట్టగానే మనకు హుషారు వస్తుంది. ఆ తర్వాత ప్రతి యూనిట్‌లోనూ, అంటే గేమ్‌లోని ఒక్కో రకం సైనికుల దళంలోనూ, తప్పులు వెతకడం మొదలుపెడతాం. బూట్లు తప్పు, డాలు రంగు తప్పు, హెల్మెట్ తప్పు. నేనూ కొన్నేళ్లు అదే పని చేశాను. మెల్లగా అర్థమైందేమిటంటే, వేషంలో తప్పు పట్టుకోవడం తేలిక, కానీ దానివల్ల యుద్ధం పెద్దగా మారదు. యూనిట్ ఎలా పోరాడుతుంది, సైన్యంలో ఎంతమంది ఉంటారు అనే రెండు చోట్ల జరిగే తప్పులే చరిత్రను తలకిందులు చేస్తాయి. అవి మాత్రం పైకి కనిపించవు. కింద చెప్పే వరుస ఆ రెండింటి దాకా తీసుకెళ్లడానికే. ఒక్కో యూనిట్‌కు మొదట్లో ఓ సాయంత్రం పడుతుంది. అలవాటయ్యాక అరగంట చాలు.

1. ముందు తేదీ, చోటు రాసుకోండి

నోట్‌బుక్కో, స్ప్రెడ్‌షీటో తెరిచి మొదటి వరుసలో మూడు విషయాలు రాయండి: గేమ్ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా నడుస్తుంది, ఈ యూనిట్ ఏ రాజ్యానిది, ఆ రాజ్యం ఆ కాలంలో నిజంగా ఎక్కడ ఉంది. రోమ్: టోటల్ వార్ క్రీ.పూ. 270 నుంచి క్రీ.శ. 14 వరకు నడుస్తుంది. దాదాపు మూడు వందల ఏళ్లు. అందువల్ల ‘ఈ యూనిట్ నిజమా కాదా’ అని అడిగితే జవాబు రాదు. ‘ఏ సంవత్సరానికి నిజం’ అని అడగాలి.

కొన్ని గేమ్‌లకు తేదీ అనేదే ఉండదు. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’లో హూణులు, అజ్టెక్‌లు ఒకే మైదానంలో కొట్టుకుంటారు. హూణుల రాజు అట్టిలా పోయింది క్రీ.శ. 453లో. అజ్టెక్‌ల రాజధాని పడిపోయింది 1521లో. ఇలాంటి గేమ్‌లో కాలం కలగలిసిందని ఫిర్యాదు చేయడం దండగ, ఆ కలగలుపే గేమ్. అక్కడ ఒక్కో నాగరికతను దాని సొంత కాలంతోనే పోల్చండి. ‘సివిలైజేషన్’ గేమ్‌లదీ ఇదే దారి.

గేమ్ తనంతట తాను ఏం చెప్పుకుంటోందో కూడా చూడండి. ప్రాచీన చైనా యుద్ధాల మీద 2019లో వచ్చిన ‘టోటల్ వార్: త్రీ కింగ్‌డమ్స్’లో రెండు మోడ్‌లున్నాయి. రొమాన్స్ మోడ్‌లో సేనాని ఒక్కడే వందలమందిని చీల్చి చెండాడతాడు, రికార్డ్స్ మోడ్‌లో అంగరక్షకుల గుంపుతో మామూలు మనిషిలా వస్తాడు. మొదటిది నవల బాట, రెండోది చరిత్ర గ్రంథం బాట. రొమాన్స్ మోడ్ ఆడుతూ ‘ఇది చరిత్ర కాదు’ అంటే, పౌరాణిక నాటకానికి వెళ్లి కిరీటం అట్టముక్కదని గొడవ పెట్టుకున్నట్టే.

2. పేరు ఎవరు పెట్టారు?

యూనిట్ పేరు ఆ సైనికులు తమకు తాము పెట్టుకున్నదా, శత్రువులు పెట్టిందా, తర్వాతి చరిత్రకారులు తగిలించిందా, గేమ్ కంపెనీ ఎక్కడినుంచో తెచ్చి అతికించిందా? చివరి రకానికి మంచి ఉదాహరణ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో గోత్‌లనే పాత జర్మన్ జాతి ప్రత్యేక యూనిట్ హస్కార్ల్. ఆ మాట స్కాండినేవియాది, ‘ఇంటి మనిషి’ అని అర్థం. 11వ శతాబ్దంలో క్నూట్ రాజు, ఆయన తర్వాతి రాజుల ఇంగ్లండ్‌లో రాజు సొంత యోధులను అలా పిలిచేవారు. గోత్‌ల చివరి పెద్ద రాజ్యం స్పెయిన్‌లో ఉండేది. అది క్రీ.శ. 711లో వచ్చిన దండయాత్రతో కూలిపోయింది. పేరుకీ మనుషులకీ మధ్య మూడు వందల ఏళ్లు, సగం యూరప్ దూరం.

పేరు తప్పైతే యూనిట్ అంతా తప్పని కాదు. గోత్ ప్రభువులకు సొంత యోధుల బృందాలు ఉండేవి. కాబట్టి నోట్‌బుక్‌లో ‘పేరు తప్పు, భావం ఫర్వాలేదు’ అని రాసి ముందుకు వెళ్లండి. ఈ మెట్టు మీద పది నిమిషాలకు మించి కూర్చోవద్దు.

3. ఆయుధాల తేదీలు

ఇక్కడ ఊహలకు చోటు తక్కువ. వస్తువు ఉంటే ఉంది, లేకపోతే లేదు. నేను ప్రతి యూనిట్‌కూ ముందుగా చూసేది రికాబులు, అంటే గుర్రం మీద కాళ్లు పెట్టుకునే ఇనుప కడియాలు. చైనాలో క్రీ.శ. 4వ శతాబ్దం నాటికి కనిపిస్తాయి. యూరప్‌కు అవార్లు అనే సంచార జాతి ద్వారా 6, 7 శతాబ్దాల్లో చేరాయి. కాబట్టి అలెగ్జాండర్ రౌతు కాళ్ల కింద రికాబులు కనిపిస్తే అది ఆర్టిస్టు పొరపాటు. క్రీ.పూ. 210 ప్రాంతంలో పాతిపెట్టిన చైనా మట్టి సైన్యం 1974లో బయటపడింది. అందులోని గుర్రాల మీద జీనులు చక్కగా చెక్కి ఉన్నాయి, రికాబులు మాత్రం లేవు.

ఇక్కడే చాలామంది ఒక అడుగు ఎక్కువ వేస్తారు. రికాబులు లేకపోతే బరువైన అశ్వికదళమే అసాధ్యమని తేల్చేస్తారు. క్రీ.పూ. 53లో కార్హే దగ్గర రోమన్ సైన్యాన్ని ఇరాన్ ప్రాంతపు పార్థియన్లు తుడిచిపెట్టారు. పార్థియన్ల సైన్యంలో మనిషికీ గుర్రానికీ కూడా కవచం తొడిగిన ఈటె రౌతులు ఉన్నారు. వాళ్లకూ రికాబులు లేవు. వస్తువు తేదీ ఆ వస్తువు గురించే చెబుతుంది. అది లేకుండా ఏం సాధ్యమో వేరే ఆధారంతో చూసుకోవాలి.

తుపాకుల విషయానికొస్తే, జపాన్‌కు పోర్చుగీసు వాళ్ల తుపాకులు చేరింది 1543లో, తానెగషిమా ద్వీపానికి. ఆ తర్వాత దశాబ్దాల్లోనే అవి జపాన్ యుద్ధాలను మార్చేశాయి. తుపాకీ కొనకు బిగించే బాయొనెట్‌లోనూ రెండు దశలున్నాయి. మొదటి రకాన్ని గొట్టంలోకే దూర్చేవారు, దాంతో కాల్చడం కుదిరేది కాదు. 1689లో స్కాట్లాండ్‌లోని కిల్లీక్రాంకీ దగ్గర సైనికులు దాన్ని బిగించుకునేలోపే కొండజాతి యోధులు మీద పడ్డారు. తర్వాత వచ్చిన సాకెట్ రకం గొట్టం చుట్టూ తొడుక్కుంటుంది, బిగించి ఉంచే కాల్చొచ్చు. గేమ్‌లో 1680ల కాల్బలం బాయొనెట్ బిగించి వరుసగా తుపాకులు పేలుస్తుంటే అక్కడ ‘తప్పు’ అని గుర్తు పెట్టుకోండి.

ఏనుగులకూ ఇలాంటి మెలికే ఉంది. గ్రీకు రాజ్యాల ఏనుగుల మీద అంబారీ లాంటి చెక్క బురుజు క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి బాగా కనిపిస్తుంది. క్రీ.పూ. 326లో జీలం నది దగ్గర పురుషోత్తముడు అలెగ్జాండర్ మీదికి నడిపిన ఏనుగులకు అలాంటి బురుజు తగిలిస్తే తొందరపడినట్టే.

4. వేషం: త్వరగా ముగించండి

కొమ్ముల హెల్మెట్ ఉన్న వైకింగ్ కనిపిస్తే నవ్వుకుని పక్కన పెట్టండి. ఆ కొమ్ములు 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో ఒక ఒపెరా కోసం దుస్తులు గీసిన కళాకారుడి ద్వారా జనంలో పాతుకుపోయాయి. నార్వేలో 1943లో దొరికిన వైకింగ్ కాలపు హెల్మెట్‌కు కొమ్ముల్లేవు, కళ్లచుట్టూ కళ్లజోడులాంటి రక్షణ మాత్రం ఉంది.

రోమన్ యూనిట్లలో చూడాల్సింది ఇనుప పట్టీల కవచం. సినిమాల పుణ్యమా అని రోమన్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది అదే. నిజానికి అది క్రీ.పూ. 1వ శతాబ్దం చివర్లో మొదలై క్రీ.శ. 3వ శతాబ్దం దాకా వాడుకలో ఉంది. దానికి మనం వాడే లాటిన్ పేరు కూడా తర్వాతి పండితులు పెట్టిందే, రోమన్లు ఏమనేవారో తెలియదు. రోమ్: టోటల్ వార్‌లో క్రీ.పూ. 107 నాటి రోమన్ సేనాని మారియస్ పేరు మీద సైనిక సంస్కరణల ఘట్టం ఒకటి వస్తుంది. అది వచ్చాక పట్టీల కవచాల లీజియన్లను, అంటే రోమన్ సైన్యపు పెద్ద దళాలను, చేర్చుకోవచ్చు. మారియస్ నాటికే ఆ కవచం ఉందనుకున్నా వందేళ్లు తొందర. పైగా ఆ సంస్కరణలన్నీ ఒక్క మనిషి ఒక్కసారిగా చేశాడన్న కథనే నేటి చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకోవడం లేదు.

రంగుల జోలికి వెళ్లకండి. ఆటగాడు తన సైన్యాన్ని గుర్తుపట్టడానికి గేమ్ ఇచ్చే నీలం, ఎరుపులు అవి. చరిత్రతో వాటికి సంబంధం లేదు.

5. ఎలా పోరాడేవాళ్లు?

ఇక్కడ కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చోండి.

1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో సమురాయ్ అంటే కత్తి పట్టుకుని నడిచే కాల్బలం. వేషం బాగానే ఉంది, పేరు సరైనదే, కత్తీ ఉంది. మొదటి నాలుగు మెట్లలో పట్టుబడే తప్పేమీ లేదు. కానీ ఆ గేమ్ చూపించే మధ్యయుగంలో, ముఖ్యంగా 12వ శతాబ్దం చివరి నుంచి 14వ శతాబ్దం మొదటి దాకా సాగిన కమకురా కాలంలో, సమురాయ్ అంటే ముందుగా గుర్రం మీద విలుకాడు. యోధుడి జీవన మార్గాన్నే వాళ్లు ‘గుర్రం, విల్లుల బాట’ అనేవారు. కత్తి నడుముకు ఉండేది, కానీ యుద్ధం మొదలయ్యేది బాణంతో. తర్వాత 16వ శతాబ్దానికి వస్తే ఈటెలు, ఆపై తుపాకులు పెద్దవయ్యాయి. సైన్యమంతా ప్రధానంగా కత్తితోనే నడిచిన కాలం దాదాపు లేదు. అంటే ఈ యూనిట్ ఒంటి మీద ప్రతిదీ సరైనదే, మనిషి మాత్రం వేరే మనిషి. వేషం తప్పుల కన్నా ఇది పెద్ద తప్పు అనడం ఇందుకే.

అదే గేమ్‌లో ట్యూటానిక్ నైట్‌ను చూడండి. నత్తలా నడుస్తాడు, గోడలా నిలబడతాడు. ఆడేవాళ్లకు ఎంతో ఇష్టమైన యూనిట్. చరిత్రలో ట్యూటానిక్ నైట్‌లది ఒక క్రైస్తవ సంఘం. అది 1190లో ఏకర్ నగరం దగ్గర పుట్టి, 1198లో సైనిక సంఘంగా మారింది. అందులోని నైట్‌లు బరువైన అశ్వికదళం. గుర్రం దించేసి వాళ్లను కాల్బలం చేయడం కేవలం గేమ్ అవసరం. వేరే నాగరికతలకు అప్పటికే గుర్రపు యూనిట్లు బోలెడున్నాయి, జర్మన్లకు కాస్త వేరుగా ఏదో ఒకటి కావాలి. ఇక ఆ నత్తనడక వెనక ఓ పాత అపోహ ఉంది: ఇనుప కవచం వేసుకుంటే మనిషి కదల్లేడని. నిలువెల్లా తొడిగే యుద్ధ కవచం బరువు సాధారణంగా 15 నుంచి 25 కిలోలు. ఆ బరువు ఒంటి నిండా పంచుకుని ఉంటుంది. వేసుకుని గుర్రమెక్కొచ్చు, పరుగెత్తొచ్చు, కిందపడితే లేవొచ్చు.

విలుకాళ్ల విషయంలో గేమ్‌లు ఎక్కువగా చేసే తప్పు నిప్పు బాణాలు. మైదానంలో మనుషుల మీద నిప్పు బాణాలు కురిపించడం వెండితెర తెచ్చిన అలవాటు. నిప్పు బాణాలు ఉండేవి, కానీ పైకప్పులు, ఓడలు, ముట్టడి యంత్రాలు తగలబెట్టడానికి. మంట ఆరకుండా ఉండాలంటే కొన దగ్గర బరువు పెరుగుతుంది, బాణం దూరం పోదు, గుచ్చుకునే శక్తీ తగ్గుతుంది.

విల్లు పట్టే తీరు కూడా చూడాలి. అలెగ్జాండర్ మీద పోరాడిన భారతీయ విలుకాళ్ల గురించి గ్రీకు చరిత్రకారుడు ఆరియన్ రాసింది చదివితే ఆశ్చర్యమేస్తుంది. విల్లు మనిషంత ఎత్తు. కింది కొనను నేల మీద ఆనించి, ఎడమ కాలితో అదిమి పట్టి, తాడును వెనక్కి లాగేవారు. ఇలాంటి విలుకాడు పరుగెడుతూ బాణాలు వేయలేడు. గట్టి నేల కావాలి, నిలబడాలి. గేమ్‌లో ఇతన్ని మామూలు విలుకాడిలా అటూ ఇటూ పరిగెత్తిస్తే బొమ్మ సరైనదైనా యుద్ధం తప్పే.

ఈ మెట్టు దగ్గర నాలుగు ప్రశ్నలు వేసుకుంటే సరిపోతుంది: గుర్రం మీదా నేల మీదా? దగ్గరా దూరమా? ఒంటరిగానా వరుసకట్టా? ఎలాంటి నేల మీద? చివరి ప్రశ్నను మర్చిపోవద్దు. ఫాలాంక్స్‌ను గేమ్‌లు దాదాపు ఓడించలేనిదిగా చేస్తాయి. ఎదురుగా సమతల నేల మీద అది నిజమే. మొదటి అయిదు వరుసల ఈటెలు ముందుకు పొడుచుకుని ఉంటాయని గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ రాశాడు. కానీ క్రీ.పూ. 197లో కైనోస్కెఫాలే గుట్టల్లోనూ, క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గరా ఎగుడుదిగుడు నేల మీద వరుస చెదిరింది, రోమన్లు సందుల్లోకి దూరారు. మీ గేమ్‌లో ఫాలాంక్స్‌ను గుట్టెక్కించి చూడండి. వరుస చెదరకపోతే నోట్‌బుక్‌లో రాసుకోండి.

6. ఎంతమంది?

దీన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. కానీ గేమ్‌లో చరిత్ర ఎక్కువగా చెడేది ఇక్కడే.

పాలీబియస్ లెక్క ప్రకారం మామూలు రోమన్ లీజియన్‌లో 4,200 మంది కాల్బలం. అందులో తేలికపాటి వెలిటీస్ 1,200, ముందు వరుస హస్తాతీలు 1,200, రెండో వరుస ప్రిన్సిపేలు 1,200, వెనక అనుభవజ్ఞులైన ట్రియారీలు 600. వీళ్లకు తోడు 300 మంది రౌతులు. అంటే కాల్బలం వరుసగా 2 : 2 : 2 : 1. ఇప్పుడు మీ గేమ్‌లో మీ సైన్యం చూడండి. ఆట మధ్యకొచ్చేసరికి మనందరం చేసేది ఒకటే: డబ్బు చేరగానే ట్రియారీలనే వరుసపెట్టి కొంటాం. ఒక్కో యూనిట్ నూటికి నూరు శాతం సరైనదే, సైన్యం మాత్రం ఏ రోమన్ సేనానీ చూడనిది. గేమ్‌లో ట్రియారీలు ఖర్చయ్యే సరుకు. రోమ్‌లో వాళ్లు వయసు మీరిన, అనుభవమున్న పౌరులు. కొనుక్కుంటే పెరిగే సంఖ్య కాదు.

రెండో ప్రపంచ యుద్ధం గేమ్‌లలో ఇదే రోగం ఇంకా ముదిరింది. జర్మనీ తయారుచేసిన టైగర్ 1 ట్యాంకులు మొత్తం 1,350కి కాస్త తక్కువ. అమెరికా షెర్మన్ ట్యాంకులు దాదాపు 49 వేలు. కానీ గేమ్‌లో పదిహేను నిమిషాలు ఆడితే టైగర్ రాకుండా ఉండదు. టైగర్ మొదటిసారి యుద్ధంలోకి దిగింది 1942 వేసవి చివర్లో, లెనిన్‌గ్రాడ్ దగ్గర. కాబట్టి 1941 మ్యాప్‌లో అది కనిపిస్తే మూడో మెట్టులోనే దొరికిపోతుంది. 1944 మ్యాప్‌లో కనిపించడం తప్పు కాదు, ప్రతి మలుపులోనూ కనిపించడం తప్పు. గేమ్‌లు అసలు చూపించనిది ఇంకొకటుంది: ఆ యుద్ధమంతా కలిపి జర్మన్ సైన్యం 25 లక్షలకు పైగా గుర్రాలను వాడింది. ఫిరంగులు లాగడానికి, సామాను మోయడానికి. ట్యాంకుల సైన్యమని మనం అనుకునేది చాలావరకు గుర్రపు బండ్ల సైన్యం.

ఎక్కువగా ఉండటమే కాదు, అసలు లేకపోవడం కూడా ఒక లెక్కే. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఈ విషయంలో మెచ్చుకోదగ్గ పని చేసింది: 2000లో అజ్టెక్, మాయా నాగరికతలను తెచ్చినప్పుడు వాటికి గుర్రపుశాలే ఇవ్వలేదు. 1519లో స్పెయిన్ సేనాని కోర్టెస్ దిగేటప్పుడు వెంట తెచ్చినవి 16 గుర్రాలు. అంతకుముందు వేల ఏళ్లుగా ఆ నేల మీద గుర్రం లేదు.

7. ఆధారాన్ని నమ్మే ముందు దాని వయసు అడగండి

ఇప్పటిదాకా రాసుకున్న ప్రతి తీర్పు పక్కనా ‘ఎలా తెలుసు’ అని ఒక గడి పెట్టండి. సమకాలీన రాత, సమకాలీన బొమ్మ, తవ్వకంలో దొరికిన వస్తువు: ఈ మూడింట్లో కనీసం రెండు ఒకేమాట చెబితే ధైర్యంగా ఉండొచ్చు. ఒక్కటే ఉంటే పెన్సిల్‌తో రాయండి.

బొమ్మలు మోసం చేస్తాయి. ట్రాజన్ చక్రవర్తి డేసియా యుద్ధాల గుర్తుగా రోమ్‌లో క్రీ.శ. 113లో ప్రతిష్ఠించిన ట్రాజన్ స్తంభం మీద లీజియన్ సైనికులందరూ పట్టీల కవచంలో, సహాయక దళాలన్నీ గొలుసు కవచంలో చక్కగా విడివిడిగా కనిపిస్తారు. చూసేవాళ్లకు తేడా తెలియడానికి శిల్పులు అలా చెక్కారు. అదే యుద్ధాల జ్ఞాపకంగా ఇప్పటి రొమేనియాలోని అడమ్‌క్లిసిలో కట్టిన స్మారకం మీద లీజియన్ సైనికులు గొలుసు కవచం, పొలుసుల కవచం తొడుక్కుని ఉన్నారు. రాజధానిలో చెక్కింది పోస్టర్, సరిహద్దులో చెక్కింది ఫొటో అనుకోండి. గేమ్ ఆర్టిస్టులు ఎక్కువగా పోస్టర్ చూసి గీస్తారు.

వస్తువులకూ వయసుంది. ఇంగ్లిష్ పొడవు విల్లు గురించి మనకున్న గట్టి ఆధారం మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధ ఓడ. 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు. చెక్కుచెదరని విల్లులు 137 దొరికాయి. ఇంగ్లిష్ విల్లుకు పేరు తెచ్చిన, ఫ్రెంచి సైన్యం మీది ఆజిన్‌కోర్ట్ యుద్ధం 1415లో జరిగింది. ఓడలో విల్లు బలాన్ని లెక్కగట్టి యుద్ధంలో విల్లుకు అంటగట్టడానికి మధ్య 130 ఏళ్లున్నాయి. అంటగట్టకూడదని కాదు, అంటగడుతున్నామని తెలిసుండాలి.

నేను పప్పులో కాలేసింది ఇక్కడే. రోమ్: టోటల్ వార్‌లో నిప్పంటించిన పందులు ఒక యూనిట్‌గా ఉన్నాయి. అది చూసి ‘ఇంతకన్నా చోద్యం ఉంటుందా’ అని స్నేహితుల ముందు గంటసేపు ఏకిపారేశాను. తర్వాత చదివితే, గ్రీసులో మెగారా నగరాన్ని క్రీ.పూ. 3వ శతాబ్దంలో ముట్టడించినప్పుడు ఊరివాళ్లు పందులకు నిప్పంటించి ఏనుగుల మీదికి తోలారని పురాతన రచయితలు రాశారు. అలాగని గేమ్ గెలిచిందా అంటే, అదీ కాదు. ఆ రాతల్లో ఒకటి పాలియేనస్‌ది, ఆయన బతికింది క్రీ.శ. 2వ శతాబ్దంలో. ముట్టడికి నాలుగు వందల ఏళ్ల తర్వాత. పైగా నగరం చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఒకసారి చేసిన పనిని గేమ్ ప్రతి యుద్ధానికీ పనికొచ్చే మామూలు దళంగా మార్చింది. నా నోట్‌బుక్‌లో ఇప్పుడు ఆ యూనిట్ ఎదురుగా ఇలా ఉంది: ‘ఆలోచన పాతదే. ఆధారం దూరపుది. వాడకం తప్పు. నా వెటకారం కూడా తప్పు.’

8. తప్పా, రాజీనా?

గేమ్ తయారుచేసేవాళ్లకు చరిత్ర తెలియక చేసిన తప్పు ఒక రకం, తెలిసీ చేసిన రాజీ ఇంకో రకం. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఈటె గుర్రాన్ని ఆపుతుంది, గుర్రం విలుకాడిని తొక్కుతుంది, విలుకాడు ఈటెగాడిని కూల్చేస్తాడు అనే చక్రం లేకపోతే చాలా గేమ్‌లు నడవవు. పైనుంచి చూసినా ఏ యూనిట్ ఏదో ఆకారం బట్టి తెలిసిపోవాలి. అందుకే ఆయుధాలు ఉండాల్సినదానికన్నా లావుగా ఉంటాయి. వేలమంది సైన్యాన్ని వందల బొమ్మలతో చూపించాలి. ఇవన్నీ రాజీలు. వీటికి నేను మార్కులు తగ్గించను.

రాజీని పట్టుకోవడానికి ఒక చిట్కా: ఆ తప్పు సరిచేస్తే ఆట పాడవుతుందా అని అడగండి. ఈజిప్టు రథాల బదులు టాలెమీ ఫాలాంక్స్ పెడితే ఆట పాడవదు. పైగా క్రీ.పూ. 217లో రాఫియా దగ్గర టాలెమీ 73 ఏనుగులతో, సిరియా వైపు ఏలిన మరో గ్రీకు వంశం సెల్యూకిడ్ల రాజు ఆంటియోకస్ 102 ఏనుగులతో తలపడిన యుద్ధం దొరుకుతుంది. ఏ రథాల కన్నా అది ఎక్కువ మజా. కాబట్టి అది రాజీ కాదు, బద్ధకం. ‘ఈజిప్టు అంటే పిరమిడ్లు, ఫారోలు’ అనే జనం ఊహకు లొంగిపోవడం.

9. ఫిర్యాదు ఆపి, ఫైల్ తెరవండి

నోట్‌బుక్ నిండాక దాన్ని గేమ్‌లో పెట్టొచ్చు. అన్నింటికన్నా తేలిక దారి సినారియో ఎడిటర్, అంటే సొంత మ్యాప్, సొంత యుద్ధం తయారుచేసుకునే గేమ్ పరికరం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఒక మ్యాప్ తయారుచేసి, ఆ కాలానికి లేని యూనిట్లను, సాంకేతికతలను ఆపేయొచ్చు. ట్రిగ్గర్లతో, అంటే ‘ఇది జరిగితే అది చెయ్యి’ అని పెట్టే ఆదేశాలతో, యూనిట్ పేరు మార్చొచ్చు. కోడింగ్ అక్కర్లేదు. ఆజిన్‌కోర్ట్ పెట్టాలనుకుంటే ఇంగ్లిష్ వైపు ఒక నైట్‌కు అయిదుగురు విలుకాళ్ల చొప్పున నిలబెట్టి, నైట్‌లను నేల మీదకు దింపేయండి. ఆ రోజు వాళ్లు కాలినడకనే పోరాడారు.

పాత టోటల్ వార్ గేమ్‌లలో యూనిట్ వివరాలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి, నోట్‌ప్యాడ్‌తో తెరుచుకుంటుంది. ఒక యూనిట్‌లో ఎంతమంది, ఏ ఆయుధం, ఎంత దూరం ఎడంగా నిలబడతారు, ఎంత ఖరీదు అన్నీ అక్కడే. ముందు ఆ ఫైల్‌కు కాపీ తీసి వేరే చోట దాచండి. ఇది సలహా కాదు, బతిమాలుకోవడం. కాపీ తీయకుండా ఒక్క కామా చెరిపేసి, గేమ్ తెరుచుకోక రాత్రంతా టెన్షన్ పడిన వాడిగా చెబుతున్నాను. ఒకసారికి ఒక్క విలువే మార్చండి, గేమ్ నడిపి చూడండి, తర్వాతే రెండోది. మీ మార్పులతో స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే వాళ్ల దగ్గరా అవే ఫైళ్లు ఉండాలి.

మొదట ఏం మార్చాలి అంటే, వేషం ముట్టుకోకండి. కొత్త బొమ్మలు గీయడానికి వారాలు పడుతుంది. సంఖ్యలు మార్చడానికి రెండు నిమిషాలు. ట్రియారీ యూనిట్‌లో సైనికుల సంఖ్యను హస్తాతీలకు సగం చేయండి, ఖరీదు పెంచండి. తర్వాత మీ మీద మీరే ఒక నియమం పెట్టుకోండి: రెండు హస్తాతీ యూనిట్లు, రెండు ప్రిన్సిపే యూనిట్లు ఉంటే ట్రియారీ యూనిట్లు రెండుకు మించకూడదు. సగం సంఖ్య కాబట్టి పాలీబియస్ లెక్క దానంతటదే కుదురుతుంది.

ఇలా మార్చి ఆడిన మొదటి రెండు యుద్ధాల్లో నా ట్రియారీలు కత్తి దూయలేదు. వెనక మోకాలి మీద కూర్చునే ఉన్నారు, డబ్బు దండగనిపించింది. మూడో యుద్ధంలో ఎడమవైపు హస్తాతీలు పారిపోయారు, ప్రిన్సిపేలు వెనక్కి తగ్గుతూ వచ్చారు, మిగిలింది ఆ చిన్న వరుస ఒక్కటే. రోమన్లకు ఒక నానుడి ఉండేది. పరిస్థితి పీకల మీదికి వస్తే ‘ట్రియారీల దాకా వచ్చింది’ అనేవారు. ఆ మాట ఎప్పుడో చదివాను. మౌస్ పట్టుకున్న చెయ్యి చెమట పట్టడం మాత్రం అప్పుడే.